గ్రాండ్ టెస్టులో మార్కులు తగ్గితే

జనవరి నుంచి మే దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలున్న ఇళ్లల్లో ఒకే మాట నలుగుతుంది. గ్రాండ్ టెస్టులో ఎన్ని వచ్చినయి? పోయినసారి కంటే పెరిగినయా, తగ్గినయా? ఎంపీసీ పిల్లలకు జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత, మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత, ఆ వెంటనే ఎప్‌సెట్. బైపీసీ పిల్లలకు ఇంటర్ కాగానే ఎప్‌సెట్, మే మొదటి వారంలో నీట్. 2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 25న ముగిశాయి, ఎప్‌సెట్ అగ్రికల్చర్, ఫార్మసీ పరీక్ష ఏప్రిల్ 29న మొదలైంది. నడుమ మిగిలింది ఐదు వారాలు. కాలేజీలు గ్రాండ్ టెస్టు మీద గ్రాండ్ టెస్టు పెట్టేది ఆ ఐదు వారాల్లోనే. ఒక్కటి చెడితే చాలు, రెండేళ్ల చదువు మీద పిల్లకూ ఇంటికీ ఒకేసారి నమ్మకం సడలిపోతుంది.

ఆ చెడిన టెస్టు తర్వాత ఏం చేయాలన్న దానికి సలహాలకు కొదవ లేదు. ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవమంటారు. కాలేజీ మార్చమంటారు. ఈ ఏడు వదిలేసి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పోదామంటారు. టెస్టులు ఆపి పుస్తకం పట్టుకోమంటారు. అసలు పట్టించుకోవద్దనేవాళ్లూ ఉన్నారు. వీటిలో ఏది నిలుస్తుందో, ఎందుకు నిలుస్తుందో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను: రాసిన పేపరును విప్పి చూడకుండా తీసుకునే ఏ నిర్ణయమైనా చీకట్లో వేసే అడుగే. మన దగ్గర మాత్రం మార్కును గోడకు అంటిస్తున్నాం, పేపరును పారేస్తున్నాం.

ఈ మార్కుకు ఇంత బరువు ఎందుకొచ్చిందో ముందు చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందటి దాకా పెద్ద చదువంటే ఈ ప్రాంతం పిల్లలు ఊరు విడవాల్సిందే. ఇప్పుడు కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్లకు 2021లో మరొకటి వచ్చింది. జగిత్యాలలో 2022లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మరుసటి ఏడాదే సిరిసిల్లలో 100 సీట్లతో ఇంకొకటి. పొలాసలో వ్యవసాయ కాలేజీ, సిరిసిల్ల పక్కన జిల్లెల్లలో బాబూ జగ్జీవన్ రామ్ వ్యవసాయ కాలేజీ, కోరుట్లలో పశువైద్య కాలేజీ. బస్సెక్కి పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రాగలిగినంత దూరంలో సీటు కనబడుతుంటే ఆశ పెరగడం సహజం. ఆశతోపాటు భయమూ పెరిగింది.

దీనికి తోడు ఫీజు లెక్క ఒకటుంది. ఇంజనీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే, ఆదాయ పరిమితికి లోబడి, బీసీ, ఈబీసీ పిల్లలకు ప్రైవేటు కాలేజీలోనూ పూర్తి ఫీజు ప్రభుత్వం కడుతుంది. దాటితే ఏడాదికి 35 వేల వరకే. మరమగ్గం మీద కూలికి పనిచేసే సిరిసిల్ల కుటుంబానికి, బీడీలు చేసి పూట గడుపుకునే కోరుట్ల తల్లికి ఆ గీతకు ఇటు ఉండడం, అటు ఉండడం నాలుగేళ్ల అప్పుకు సంబంధించిన సంగతి. గ్రాండ్ టెస్టులో పది మార్కులు తగ్గితే ఇంట్లో మాట పడిపోయేది అందుకే. అది అర్థం చేసుకోకుండా పిల్లలకు ధైర్యం చెప్పడం తేలిక.

అయితే మార్కు తనంతట తాను చెప్పేది చాలా తక్కువ. నీట్‌నే చూడండి. 2024లో మళ్లీ సవరించిన ఫలితాల ప్రకారం కూడా 720కి 720 తెచ్చుకున్నవాళ్లు 17 మంది. 2025లో దేశం మొత్తం మీద మొదటి ర్యాంకు మార్కులే 686. ఫిజిక్స్ పేపరు అంత కఠినంగా వచ్చింది. జనరల్ విభాగంలో అర్హత మార్కు 162 నుంచి 144కు దిగింది. పిల్లల తెలివి ఒక్క ఏడాదిలో తగ్గిపోలేదు, పేపరు మారింది. ఎప్‌సెట్‌లో ఒకే పేపరును అందరూ రాయరు. కొన్ని విడతల్లో జరుగుతుంది, కఠినత్వంలో తేడాను సరిచేశాకే ర్యాంకు ఇస్తారు. అసలు పరీక్షే తన మార్కును నేరుగా నమ్మడం లేదు. మరి మన ఊరి కాలేజీలో ఎవరో కూర్చిన గ్రాండ్ టెస్టు మార్కును అంతగా ఎందుకు నమ్మాలి? 160కి 72 వచ్చినప్పుడు మొదట అడగాల్సింది క్లాసులో నడిమి పిల్లకు ఎన్ని వచ్చాయని. అందరికీ పదిహేను తగ్గి ఉంటే అది పేపరు సంగతి. ఆ పిల్లకే తగ్గి ఉంటే అప్పుడు చూడాల్సింది వేరే ఉంది.

చాలామంది తల్లిదండ్రులను గందరగోళపరిచే విషయం ఇంకొకటి. వీకెండ్ టెస్టులో తొంభై శాతం వచ్చిన పిల్లవాడికి గ్రాండ్ టెస్టులో సగం కూడా రావు. కాపీ కొట్టాడా, అప్పుడు చదివి ఇప్పుడు వదిలేశాడా అని అనుమానిస్తారు. రెండూ కాకపోవచ్చు. అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని బాగా విప్పి చెబుతుంది. కొందరు విద్యార్థులకు ఒక్కో రకం లెక్కలను ఒక్కో గుంపుగా ఇచ్చారు, ఇంకొందరికి అవే లెక్కలను కలిపేసి ఇచ్చారు. సాధన చేస్తున్నప్పుడు గుంపులుగా చేసినవాళ్లకు 89 శాతం ఒప్పులు, కలగలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది: గుంపులుగా చేసినవాళ్లకు 20 శాతం, కలగలిపి చేసినవాళ్లకు 63.

మన వీకెండ్ టెస్టు గుంపు లెక్కల పరీక్ష. ఆ వారం చెప్పింది వృత్తాలు కనుక పేపర్లో ఉండేదీ వృత్తాలే. ఏ సూత్రం వాడాలో పిల్లవాడు వెతుక్కోనక్కర్లేదు, వారం పేరే చెప్పేస్తుంది. గ్రాండ్ టెస్టులో 80 గణితం బిట్లు ఏ వరసా లేకుండా వస్తాయి. ఇది పరావలయమా, అవకలనమా, సంభావ్యతా అన్నది ముందు గుర్తుపట్టాలి. లెక్క చేయడం వచ్చినా లెక్కను గుర్తుపట్టడం రాలేదన్నమాట. అది వేరే నైపుణ్యం, దానికి వేరే సాధన కావాలి. రోజూ సాయంత్రం మూడు నాలుగు పాఠాల నుంచి తీసిన పాతిక బిట్లను కలిపి చేయించడమే ఆ సాధన. మొదటి పది రోజులు తప్పులు ఎక్కువే వస్తాయి, మార్కులు ఇంకా తగ్గినట్టు కనబడతాయి. అక్కడే బెదిరి వెనక్కి తగ్గుతారు. తగ్గకూడదు.

ఎక్కువ గంటలు చదవాలన్న సలహాకూ ఇక్కడే జవాబుంది. హాస్టల్ స్టడీ అవర్లు ఇప్పటికే పొద్దున ఐదింటికి మొదలై రాత్రి పదింటి దాకా సాగుతుంటాయి. గంటలు ఇంకెక్కడి నుంచి తెస్తారు? తెస్తే నిద్ర నుంచి తేవాలి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కనుక ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టవుతుంది. ప్రశ్న గంటలది కాదు, ఆ గంటల్లో చేసేదాని గురించి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో వెలువరించిన పరిశోధనలో ఒక పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, పుస్తకం మూసి రాసినవాళ్లకు 61. చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, మూస్తే తప్ప ఏం వచ్చిందో తెలియదు. మెటీరియల్ మీద రంగు గీతలు గీస్తూ రివిజన్ చేసే బైపీసీ పిల్లలకు ఈ సంగతి ముఖ్యంగా చెప్పాలి. జంతుశాస్త్రం పాఠం నాలుగోసారి చదివే బదులు ఖాళీ కాగితం మీద గుండె నిర్మాణం గీసి భాగాల పేర్లు రాయడం కష్టం. పనికొచ్చేది ఆ కష్టమే.

ఇక పేపరును విప్పడం. గ్రాండ్ టెస్టు తర్వాత చేయాల్సిన అసలు పని ఇదే, ఎక్కువగా దాటవేసేదీ ఇదే. కీ చూసుకుంటారు, మార్కులు కూడుకుంటారు, మరుసటి టెస్టుకు పోతారు. తప్పు పోయిన ప్రతి బిట్ పక్కన అది ఎందుకు పోయిందో ఒక మాట రాసుకోవాలి. పాఠమే రాదా? వచ్చు కానీ ఏ సూత్రమో తట్టలేదా? తట్టింది కానీ కూడికలోనో, ప్రమాణాలు మార్చడంలోనో పొరపాటా? ప్రశ్నలో 'కానిది' అన్న మాట చూడలేదా? చేరేసరికి టైం అయిపోయిందా? ఊరికే ఏదో ఒకటి పెట్టిందా? ఆరు రకాల తప్పులకు ఆరు వేర్వేరు మందులు. అన్నింటికీ కలిపి 'ఇంకా బాగా చదవాలి' అంటే ఏ ఒక్కదానికీ మందు వేసినట్టు కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నీట్ మాదిరి పరీక్షలో ఒక అమ్మాయి 180లో 150 ప్రశ్నలు రాసింది. 95 ఒప్పు, 55 తప్పు. ఒప్పులకు 380, తప్పులకు పోయినవి 55, మిగిలింది 325. ఇంట్లో ఆ 325నే చూస్తారు. పేపరు విప్పితే ఆ 55 తప్పుల్లో 20 తనకు వచ్చినవే అని తేలిందనుకుందాం. తప్పు ఒప్పయితే పోయే ఒకటి మిగులుతుంది, వచ్చే నాలుగు వస్తాయి, అంటే ఒక్కోదానికి ఐదు. 20 బిట్లకు 100 మార్కులు. కొత్తగా ఒక్క పాఠం చదవకుండా 425. ఇంకో పిల్లకు అదే 325 వచ్చి, తప్పులన్నీ ఎలక్ట్రోస్టాటిక్స్, ఆర్గానిక్ కెమిస్ట్రీల్లోనే ఉంటే ఆమెకు కావలసింది పాఠం. ఇద్దరినీ ఒకే 'రివిజన్ బ్యాచ్'లో కూర్చోబెడితే ఇద్దరికీ నష్టమే.

పరీక్షల తీరు వేరువేరని పిల్లలకు తెలుసు, కానీ చేతికి తెలియదు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ఒక్కోదానికి 67 సెకన్లు. నీట్‌లో 180కి 180, సరిగ్గా నిమిషం. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలే, ఒక్కోదానికి దాదాపు రెండున్నర నిమిషాలు. మెయిన్ వేగానికి అలవాటు పడిన చెయ్యి ఏప్రిల్‌లో ఎప్‌సెట్ గ్రాండ్ టెస్టుకు కూర్చుంటే ముప్పై బిట్లు మిగిలిపోతాయి. అది చదువు తగ్గడం కాదు, రెండు వారాల్లో సరిదిద్దుకునే నడక. ఎప్‌సెట్‌లో తప్పుకు మైనస్ మార్కు లేదు కనుక బిట్ ఖాళీగా వదలడంలో అర్థమే లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెట్టినా నాలుగింటికి ఒకటి తగులుతుంది. అర్హతకు కావలసిన 40 మార్కులు 160లో సరిగ్గా నాలుగో వంతు. అయినా 2025లో ఇంజనీరింగ్ విభాగంలో అర్హత పొందినవారు 73 శాతం చిల్లరే. నీట్, మెయిన్‌లలో లెక్క వేరు. గుడ్డిగా పెడితే సగటున కలిసొచ్చేది పావు మార్కు, అంటే ఏమీ లేనట్టే. రెండు జవాబులు కావని ఖాయంగా తెలిశాక మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగటున మార్కున్నర. ఎక్కడ తెగించాలో, ఎక్కడ వదలాలో ఈ అంకెలతోనే నేర్పాలి. 'రిస్క్ తీసుకోకు' అన్న మాటతో అది రాదు.

భాష సంగతి ఎవరూ మాట్లాడరు. పదో తరగతి దాకా తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించిన పిల్లలు ఇంటర్‌లో ఇంగ్లిష్ పేపరు ముందు కూర్చుంటారు. ఫిజిక్స్ వచ్చు, నాలుగు లైన్ల ప్రశ్న విడివడదు. ఎప్‌సెట్ పేపరు ఇంగ్లిష్‌తోపాటు తెలుగులోగానీ ఉర్దూలోగానీ తీసుకోవచ్చు. నీట్, మెయిన్ కూడా ఈ రెండు భాషల్లో ఉన్నాయి. కోరుట్ల, జగిత్యాలల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లకు ఈ వెసులుబాటు చిన్నది కాదు. అయితే దరఖాస్తు నింపే రోజునే ఎంచుకోవాలి, గ్రాండ్ టెస్టులో ప్రశ్న అర్థంకాక పోయిన బిట్లు ఎన్నో ముందే లెక్కబెట్టుకుంటేనే ఆ ఎంపిక సరిగా ఉంటుంది. కంప్యూటర్ సంగతీ ఇలాంటిదే. ఎప్‌సెట్, మెయిన్ కంప్యూటర్ మీద రాసేవి, నీట్ ఓఎంఆర్ షీటు మీద రాసేది. రెండేళ్లూ కాగితం మీద సాధన చేసి తెర ముందు మొదటిసారి కూర్చుంటే ప్రశ్నకు కాగితానికి మధ్య చూపు తిప్పుకోవడంలోనే మార్కులు జారిపోతాయి. అధికారిక వెబ్‌సైట్లలో ఉచిత మాక్ టెస్టులు ఉన్నాయి. రెండు మూడు రాస్తే చాలు, ఆ బెరుకు పోతుంది.

గ్రాండ్ టెస్టులు ఎన్ని రాయాలి? ఆఖరి నెలలో రోజుకొకటి పెట్టే కాలేజీలున్నాయి. నాకది నచ్చదు. మూడు గంటల టెస్టును విప్పి చూడడానికి కనీసం ఇంకో మూడు గంటలు కావాలి. తప్పు పోయిన బిట్లను మూడు రోజులయ్యాక ఓసారి, వారమయ్యాక మళ్లీ ఓసారి జవాబు చూడకుండా చేయాలి. విప్పి చూసే సమయం లేనప్పుడు ఆ టెస్టు రాయకపోవడమే మేలు. వారానికి రెండు చాలు. టెస్టులు మొత్తం మానేయమన్న సలహా కూడా అంతే తప్పు, ఎందుకంటే పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది.

కాలేజీ మార్చడం, లాంగ్ టర్మ్. సాంచ (మరమగ్గం) మీద పోగు తెగితే ఏ పోగో చూసి ముడివేస్తారు, సాంచను మార్చరు. ఫిబ్రవరిలో కాలేజీ మారిన పిల్లకు కొత్త మెటీరియల్, కొత్త సార్లు, కొత్త హాస్టల్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, పాత తప్పులు మాత్రం వెంటే వస్తాయి. లాంగ్ టర్మ్ నిర్ణయం అసలు పరీక్ష రాశాక చేయాల్సింది. నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, మెయిన్‌కు వరసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్‌కు రెండే అవకాశాలు. తప్పులు ఎక్కువగా పాఠాలు రాకపోవడం వల్లే అయితే ఏడాది పనికొస్తుంది. వేగం, తొందరపాటు వల్ల అయితే ఏడాది ఖర్చు పెట్టక్కర్లేదు. పేపరు విప్పి చూడకుండా హైదరాబాద్‌కో, విజయవాడకో ఫీజు కట్టిన కుటుంబాలు ఏ జబ్బో తెలియకుండానే మందు కొంటున్నాయి.

ఇంటర్ చదువును పక్కన పెట్టేయమనే వాళ్లకు ఒక మాట. ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ 2023లో తీసేసిన మాట నిజమే. కానీ ఎప్‌సెట్ సిలబస్ ఇంటర్ రెండేళ్ల సిలబసే. ఎన్‌ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో పై 20 పర్సంటైలో కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ సీటుకూ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం తప్పనిసరి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. మార్చి నెల వృథా పోయేది కాదు.

సెక్షన్లు మార్చడమన్నది అన్నింటికంటే నన్ను బాధపెట్టే విషయం. టెస్టులో తగ్గిన పిల్లను పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు దించుతారు. స్నేహితులు మారతారు, సార్లు మారతారు, మెస్‌లో కూర్చునే బల్ల కూడా మారుతుంది. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియని పిల్ల మౌనంగా ఉండిపోతుంది. ఈ చదువుల ఒత్తిడి మీద 2001లోనే ఉమ్మడి రాష్ట్రం ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీ వేసింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలిచ్చింది. టెస్టు ఫలితాలను బహిరంగపరచవద్దని, వాటిని పిల్లల చదువును విశ్లేషించడానికే వాడాలని, వెనకబడిన వాళ్లకు కౌన్సెలింగ్ ఇవ్వాలని అందులో ఉంది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానాలని అందులో స్పష్టంగా రాసింది. మన దగ్గర కోచింగ్ చాలా వరకు జూనియర్ కాలేజీ బోర్డు కిందే నడుస్తుంది. బోర్డు మీద పేరు ఏదున్నా పిల్లలు వాళ్లే.

ఇంటి పాత్ర కూడా తక్కువది కాదు. ఈ మూడు పట్టణాల్లో ఎందరో పిల్లల తండ్రులు దుబాయి, సౌదీ, ఖతార్‌లలో ఉన్నారు. సెలవు రోజు ఫోన్ వస్తుంది. "ఎన్నొచ్చినయి బిడ్డా?" అన్నదే మొదటి ప్రశ్న, ఎందుకంటే అంత దూరం నుంచి చదువు గురించి అడగగలిగింది ఆ ఒక్కటే. "మంచిగనే వచ్చినయి బాపూ" అని పిల్లలు ముగించేస్తారు. "ఏ బిట్లు పోయినయి, ఎందుకు పోయినయి?" అని అడిగి చూడండి. ఫిజిక్స్ తెలియనక్కర్లేదు, పిల్ల చెబుతుంటే వినడమే చాలు. చెప్పడంలోనే సగం పేపరు విడివడుతుంది. డే స్కాలర్ ఆడపిల్లలకైతే ఆ ఐదు వారాలైనా ఇంటిపని, తమ్ముళ్ల బాధ్యత తగ్గించాలి. బీడీల లెక్క అప్పజెప్పే రోజు తల్లికి సాయం చేయక తప్పని ఇళ్లున్నాయి, నాకు తెలుసు. అలాంటి చోట గంటలు తక్కువ కనుక విప్పి చూసే పద్ధతి ఇంకా ఎక్కువ అవసరం.

టెస్టు చెడిన తర్వాత వారం దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తాను లేకపోతేనే మేలన్న మాట నోట రావడం, ఇవి చదువు సమస్యలు కావు. వెంటనే పక్కన మనిషి ఉండాలి. మానసిక సహాయ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డబ్బు లేక ఆగాల్సిన పని కూడా తక్కువే. టీ-శాట్‌లో ఎప్‌సెట్ పాఠాలు వస్తాయి. ఐఐటీ కాన్పూర్ నడిపే సాథీ పోర్టల్‌లో మెయిన్, నీట్ పాఠాలు, టెస్టులు ఉచితం. ఎప్‌సెట్, మెయిన్ పాత పేపర్లు కీతో సహా దొరుకుతాయి. కాలేజీ కూర్చిన గ్రాండ్ టెస్టుల కంటే ఈ పాత పేపర్లకే నేను ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే వాటి కఠినత్వం అసలు పరీక్షది.

కాలేజీల నుంచి అడగాల్సింది ఒకటుంది. టెస్టు అయిన రోజు సాయంత్రం తల్లిదండ్రుల ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: పేరు, మార్కులు, ర్యాంకు. ఆ ర్యాంకు తీసేసి దాని చోట మూడు అంకెలు పంపవచ్చు: పాఠం రాక పోయిన బిట్లు, వచ్చి కూడా పోయినవి, టైం చాలక మిగిలినవి. ఓఎంఆర్ షీటు స్కాన్ చేసే యంత్రానికి ఈ తేడా తెలియదు, పిల్లతో పది నిమిషాలు కూర్చునే సారుకు తెలుస్తుంది. జగిత్యాలలోగానీ, కోరుట్లలోగానీ, సిరిసిల్లలోగానీ వచ్చే ఏడాది పిల్లను చేర్పించేటప్పుడు పోయినేడు ఎన్ని ర్యాంకులొచ్చాయని కాకుండా, టెస్టు తర్వాత ఆ పది నిమిషాలు ఎవరు కూర్చుంటారని తల్లిదండ్రులు ఆఫీసు గదిలోనే అడగాలి.